రాత్రి బడి పంతులు

లక్ష్మమ్మ అన్న పేరు రాయడం తెలుగు లిపిలో ఒక పరీక్షే. మొదటి అక్షరం సులువు. రెండో అక్షరం దగ్గరికి వచ్చేసరికి క, ష, మ మూడూ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. అది గట్టెక్కితే మకు మ ఒత్తు. బడిలో పిల్లలు ఈ మెట్టు ఎక్కాలంటే అచ్చులు, హల్లులు, గుణింతాలు అన్నీ పూర్తి కావాలి. యాభై ఏళ్ల లక్ష్మమ్మ మాత్రం రాత్రి బడికి వచ్చేదే తన పేరు రాసుకోవడానికి. మొదటి రోజే అడుగుతుంది. ముందు అ ఆలు కానీ, తర్వాత చూద్దాం అన్న వాలంటీరుకు వారం తిరిగేలోపు ఆమె కనిపించడం మానేస్తుంది.

వయోజన విద్యా వాలంటీరు పనిలోని చిక్కంతా ఇక్కడే ఉంది. చదువు చెప్పడం తెలిసి ఉంటే చాలదు, తను చదువుకున్న తీరును కొంత మరిచిపోవడం కూడా తెలియాలి. జీతం లేకుండానో, నామమాత్రపు గౌరవ వేతనానికో, పదిహేనేళ్లు పైబడిన నిరక్షరాస్యులకు చదవడం, రాయడం, లెక్కలు నేర్పే మనిషిని తెలుగునాట ఒక్కో కాలంలో ఒక్కో పేరుతో పిలిచారు. పాతకాలంలో రాత్రి బడి పంతులు. 1978 నాటి పథకంలో ఇన్‌స్ట్రక్టర్. తొంభైలలో వాలంటీరు. సాక్షర భారత్ పథకం రోజుల్లో కేంద్రం నడిపే మనిషి ప్రేరక్. నేర్చుకునేవాళ్లకు ఈ పేర్లతో పని లేదు. మగవాడైతే సారు, ఆడపిల్లయితే మేడమో పంతులమ్మో, కాస్త చనువు పెరిగాక బిడ్డా.

పంతుళ్ల పూర్వకథ

ప్రభుత్వాలు పూనుకోక ముందే ఈ పని మొదలైంది. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవరల భాష తను నేర్చుకుని, ఆ భాషలోనే వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టారు. నేర్చుకునేవాడి భాషలోకి నేర్పేవాడు వెళ్లాలన్న సూత్రాన్ని అంత ముందుగా ఆచరించినవాళ్లు తక్కువ. ఆయన వ్యావహారిక భాష కోసం చేసిన పోరాటానికి, వయోజన వాచకాలకు చుట్టరికం ఉంది. గ్రాంథికంలో రాసిన పాఠం కూలి నుంచి వచ్చిన మనిషికి రెండు భాషలు నేర్చుకున్నంత బరువు.

కాకినాడలో దుర్గాబాయి ఇంకా పసిపిల్లగా ఉండగానే ఆడవాళ్లకు హిందీ నేర్పే బడి నడిపింది. 1923లో ఆ ఊళ్లో కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు టికెట్టు లేదని నెహ్రూనే ద్వారం దగ్గర ఆపేసిన వాలంటీరు ఆమే. తర్వాత ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ వయోజన విద్యను ముఖ్యమైన పనుల్లో ఒకటిగా చేపట్టి, హైదరాబాదులో లిటరసీ హౌస్ నడిపింది. గ్రంథాలయోద్యమం వాళ్లు ఇంకో దారి పట్టారు. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లాలో కాలువ వెంట పుస్తకాలతో పడవ నడిపించారు. చదవడం వచ్చినవాడికి పుస్తకం అందకపోతే వచ్చిన చదువు నిలవదని వాళ్లకు అప్పుడే తెలుసు. తర్వాత వచ్చిన పథకాలు చాలావరకు ఈ సంగతిని ఆలస్యంగానే కనిపెట్టాయి.

బయటి నుంచి వచ్చిన ఆలోచనల్లో ఎక్కువ పేరు పడింది ఫ్రాంక్ లాబాక్‌ది. అమెరికన్ మిషనరీ అయిన ఈయన 1930 ప్రాంతంలో ఫిలిప్పీన్స్‌లోని లనావోలో మరనావోలకు చదువు నేర్పుతూ, డబ్బులు అయిపోయి పంతుళ్లకు జీతాలివ్వలేని స్థితికి వచ్చాడు. నేర్చుకున్న ప్రతివాడూ ఇంకొకడికి నేర్పాలన్న ఏర్పాటు ఆ ఇబ్బందిలోంచి పుట్టింది. ఇవాళ గోడల మీద నినాదంగా కనిపించే ఒక్కొక్కరు ఒక్కొక్కరికి అన్న మాట జీతం డబ్బులు లేకపోవడం వల్ల వచ్చిందే. లాబాక్ భారతదేశంలోనూ తిరిగి ఇక్కడి భాషలకు బొమ్మల పట్టికలు తయారు చేయించాడు. అక్షరం ఆకారం ఏదో ఒక వస్తువును గుర్తుకు తెచ్చేలా గీసిన పట్టికలవి. ఆయన పిలుపు మీద వచ్చిన వెల్దీ ఫిషర్ 1953లో సాక్షరతా నికేతన్‌కు అంకురం వేసింది. లక్నోలోని ఆ సంస్థ దశాబ్దాల పాటు బోధకులకు శిక్షణ ఇచ్చింది.

బ్రెజిల్‌లో పాలో ఫ్రెయిరీ చేసిన ప్రయోగం ఇంకా లోతైనది. 1963లో ఆంజికోస్ అనే చిన్న పట్నంలో దాదాపు 300 మంది శ్రామికులకు 40 గంటల్లో చదువు నేర్పే పని పెట్టుకున్నాడు. వాళ్ల మాటల్లోంచే పది పదిహేను మాటలు ఏరుకుని, ముందు వాటి గురించి మాట్లాడించి, తర్వాత ముక్కలు చేసేవాడు. ఇటుక అని అర్థమిచ్చే తిజోలు ఆ మాటల్లో ఒకటి. తి, జో, లు అని విడగొట్టి, త తో ఏర్పడే అక్షరాల వరస, జ వరస, ల వరస పక్కపక్కన రాసి, వాటితో కొత్త మాటలు కట్టమనేవాడు. తెలుగువాడు ఆ పట్టిక చూస్తే ఇదేం కొత్త, గుణింతమేగా అంటాడు. నిజమే. పోర్చుగీసు భాషకు ఫ్రెయిరీ గుణింతం తయారు చేసుకోవలసి వచ్చింది, మనకు అది లిపితోపాటే ఉంది. మనం ఆయన నుంచి నేర్చుకోవలసింది పట్టికకు ముందు నడిచే మాటల భాగం. మరుసటి ఏడాదే సైనిక ప్రభుత్వం వచ్చి ఆయన్ను జైల్లో పెట్టింది, ఆ తర్వాత దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది.

క్యూబాలో 1961లో లక్ష మందికి పైగా పిల్లలు ఊయల, దుప్పటి, లాంతరు పట్టుకుని పల్లెలకు వెళ్లి రైతుల ఇళ్లలోనే ఉంటూ చదువు చెప్పారు. ఆ ఏడాది చివరికి ఏడు లక్షల మందికి పైగా అక్షరాస్యులయ్యారని ప్రకటించారు. అమెరికాలో 1962లో సిరక్యూస్ పట్టణంలో రూత్ కాల్విన్ అనే గృహిణి తన ఊళ్లోనే చదువురాని వాళ్లు వేలల్లో ఉన్నారని తెలిసి ఆశ్చర్యపోయి, ఇంటి నుంచే వాలంటీర్లను కూడగట్టింది. లాబాక్ సంస్థ, ఆమె సంస్థ 2002లో కలిసిపోయి ప్రోలిటరసీ అయ్యాయి. అక్కడి పద్ధతి ఒకరికి ఒకరు: ఒక బోధకుడు, ఒక విద్యార్థి, గ్రంథాలయంలో ఒక బల్ల. మన పద్ధతి పదిమందికి ఒకరు, ఎవరో ఒకరి అరుగు.

ఎర్నాకుళం నుంచి నెల్లూరు దాకా

1978 అక్టోబరు 2న మొదలైన జాతీయ వయోజన విద్యా కార్యక్రమం బోధకుడికి కొద్దిపాటి గౌరవ వేతనం ఇచ్చి కేంద్రాలు నడిపింది. పదేళ్లకు, 1988 మే 5న జాతీయ సాక్షరతా మిషన్ వచ్చింది. అయినా దేశాన్ని ఊపేసింది మిషన్ కాగితాలు కాదు, ఎర్నాకుళం జిల్లా. 1989 జనవరిలో అక్కడ జాతాలతో మొదలైన ఉద్యమానికి దాదాపు 20,000 మంది వాలంటీర్లు ముందుకొచ్చారు. 1990 ఫిబ్రవరి 4న ఆ జిల్లాను సంపూర్ణ అక్షరాస్యత సాధించినదిగా ప్రకటించారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 18న కోజికోడ్‌లో కేరళ అంతటికీ ఆ ప్రకటన చదివింది చేలక్కోడన్ ఆయిషా. అప్పుడప్పుడే అక్షరాలు నేర్చిన మలప్పురం జిల్లా మహిళ ఆమె.

ఎర్నాకుళంలో ఇంకో సంగతి జరిగింది. నలభై దాటిన చాలామందికి అక్షరాలు ఎంత చెప్పినా ఎక్కడం లేదని వాలంటీర్లు గమనించారు. తీరా చూస్తే అది చత్వారం! ఇళ్లలో వాడకుండా పడి ఉన్న కళ్లజోళ్లు వేలాదిగా సేకరించి పంచాక చదువు ముందుకు సాగింది. ఈ రోజుకీ కొత్త వాలంటీరుకు ఇవ్వదగ్గ మొదటి సలహా ఇదే. మనిషి పుస్తకాన్ని దూరంగా పట్టుకుంటోందేమో చూడాలి. సూదిలో దారం ఎక్కించడానికి మనవరాలిని పిలిచే అవ్వకు పాఠం కన్నా ముందు అద్దాలు కావాలి.

ఆ నమూనా జిల్లా జిల్లాకూ పాకింది. కలెక్టరు అధ్యక్షుడిగా జిల్లా సాక్షరతా సమితి, ఊరూరా సర్వే, బుర్రకథలు, పాటలు, వీధి నాటకాలతో కళాజాతా, ఆ తర్వాత 15 నుంచి 35 ఏళ్ల వాళ్లకు మూడు వాచకాలు, దాదాపు 200 గంటల చదువు. తెలుగునాట ఈ జాతాలకు జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలు వెన్నుదన్నుగా నిలిచాయి. తమిళనాడులోని పుదుక్కోట్టైలో ఆడవాళ్లు అక్షరాలతోపాటు సైకిలు కూడా నేర్చుకున్నారు. చదువు చెప్పడానికి పక్క ఊరు వెళ్లాల్సిన వాలంటీరు పిల్లకు సైకిలు పలక కన్నా అవసరమైన వస్తువు.

నెల్లూరు జిల్లా కథ వేరే మలుపు తిరిగింది. అక్కడి వాచకాల్లో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. సారా వల్ల కుటుంబం ఎలా చితికిపోతుందో చెప్పే కథ అది. రాత్రి బడిలో పాఠం చదివాక చర్చ జరగాలన్నది పద్ధతి. చదివిన ఆడవాళ్లకు సీతమ్మ ఎక్కడో లేదు, పక్కింట్లోనే ఉంది, తమ ఇంట్లోనే ఉంది. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు చర్చతో ఆగక సారా అమ్మకం ఆపించారు. ఆ కదలికకు ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ తర్వాత దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతా తెలిసింది. అక్షరాస్యత తర్వాతి దశ వాచకంలో దూబగుంట కథే ఆడవాళ్లు ఏకమైతే అన్న పాఠమై కూర్చుంది. దాన్ని చదివిన ఇతర ఊళ్ల ఆడవాళ్లు తమ ఊళ్లలో అదే పని చేశారు. 1992లో సారా వేలం పాటలు జరగనివ్వకుండా అడ్డుపడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. ఆ రెండోది రెండేళ్లకే సడలిపోయింది. సారాకు పోయే డబ్బులోంచి రోజుకు రూపాయి దాచే పొదుపు లక్ష్మి ఉద్యమం కూడా నెల్లూరులోనే మొదలై, తర్వాత డ్వాక్రా సంఘాల విస్తరణకు బాట వేసింది.

ఈ కథ చెప్పేవాళ్లు రోశమ్మను తలుచుకుంటారు, పాఠాన్ని తలుచుకుంటారు. లాంతరు పక్కన కూర్చుని ఆ పాఠం చెప్పిన పదో తరగతి పాసైన కుర్రవాడో, ఇంట్లో ఒప్పించుకుని వచ్చిన అమ్మాయో ఎవరికీ గుర్తు రారు. అది వాలంటీరు పనిలోనే ఉన్న లక్షణం కావచ్చు. కానీ ఆ పాఠాన్ని బట్టీ పట్టించి వదిలేసి ఉంటే, చర్చకు చోటివ్వకపోతే, దూబగుంట లేదు.

తొంభైల ఉద్యమాన్ని మెచ్చుకుంటూనే ఒక మాట చెప్పుకోవాలి. 1994లో అరుణ్ ఘోష్ నాయకత్వాన నిపుణుల బృందం సాక్షరతా ఉద్యమాలను సమీక్షించి, కొన్నిచోట్ల ప్రకటించిన సంఖ్యలకు, నిలిచిన చదువుకు మధ్య తేడా ఉందని గుర్తించింది. గడువులోగా జిల్లాను ప్రకటించేయాలన్న తొందర కలెక్టరు నుంచి మండలానికి, అక్కడి నుంచి వాలంటీరు రిజిస్టరుకు దిగేది. ఆ రిజిస్టరులో ఏం జరిగేదో ఊహించడం కష్టం కాదు. అయితే జనాభా లెక్కలు ఇంకో సంగతి చెబుతాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడేళ్లు దాటినవాళ్లలో అక్షరాస్యత 1991లో 44.09 శాతం, 2001లో 60.47. ఆడవాళ్లలో 32.72 నుంచి 50.43కు వచ్చింది. ఇందులో పెద్ద వాటా పిల్లల బడులదే. కానీ తను నేర్చుకున్న తల్లి కూతుర్ని బడి మాన్పించదన్న మాట కూడా ఈ లెక్కలో కలిసే ఉంది.

ఎవరు వాలంటీరు కాగలరు

2009 సెప్టెంబరు 8న వచ్చిన సాక్షర భారత్ ఆడవాళ్ల అక్షరాస్యత 50 శాతం మించని జిల్లాల మీద దృష్టి పెట్టింది. పంచాయతీకి ఒక లోక్ శిక్షా కేంద్రం, అందులో నెలకు 2,000 రూపాయల గౌరవ వేతనం మీద ప్రేరక్‌లు. వాళ్ల కింద చదువు చెప్పేది జీతం లేని వాలంటీర్లే. 2018 మార్చి 31తో ఆ పథకం ఆగిపోయింది, ప్రేరక్‌లు ఇంటికి వెళ్లారు.

ఇప్పుడు నడుస్తున్నది ఉల్లాస్. 2022 నుంచి 2027 దాకా 1,037.90 కోట్ల రూపాయలతో, ఐదు కోట్ల మందికి చదువు చెప్పాలన్న లక్ష్యంతో వచ్చిన కార్యక్రమం. వయోజన విద్య అన్న పేరు మానేసి అందరికీ విద్య అన్నారు. పైవయసుకు హద్దు లేదు. పూర్తిగా వాలంటీర్ల మీదే ఆధారపడింది. విద్యార్థులు, ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నవాళ్లు, టీచర్లు, అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు, ఎన్ఎస్ఎస్, ఎన్‌సీసీ వాళ్లు, రిటైరైనవాళ్లు ఎవరైనా చేరవచ్చు. 2023 జులైలో వచ్చిన యాప్‌లో పేరు నమోదు చేసుకుంటే, సర్వేలో గుర్తించిన వాళ్లలోంచి కొందరిని కేటాయిస్తారు. పాఠాలు దీక్షా వేదికలో దొరుకుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో అక్షర ఆంధ్ర పేరుతో, తెలంగాణలో మహిళా సంఘాల సభ్యుల కోసం అమ్మకు అక్షరమాల పేరుతో ఇదే పని సాగుతోంది.

అర్హతల సంగతి అంతే, చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. తెలుగు తప్పుల్లేకుండా చదివి రాయగలిగి, సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా ఖాళీ ఉండి, ఆరు నెలలు ఊళ్లోనే ఉండే మనిషి చాలు. చాలాసార్లు మూడో షరతు దగ్గరే పని చెడుతుంది. చదువుకున్న కుర్రవాళ్లు ఊళ్లో ఉండరు, ఉన్నవాళ్లు గ్రూప్ పరీక్షల పుస్తకాల్లో ఉంటారు. అందుకే అత్తగారింట్లో ఉన్న పదో తరగతి కోడలు తరచూ మంచి పంతులమ్మ అవుతుంది. ఊరు తెలుసు, మనుషులు తెలుసు, ఎవరు ఎవరితో మాట్లాడరో తెలుసు. మాటల్లేని ఇద్దరు తోటికోడళ్లను ఒకే చాప మీద కూర్చోబెడితే ఇద్దరూ మానేస్తారన్న సంగతి ఏ శిక్షణా పుస్తకంలోనూ ఉండదు.

పలక మీద ఏం జరుగుతుంది

పలక అనేశాం గానీ పెద్దవాళ్లకు పలక నచ్చదు. అది పిల్లల సామాను. నోటుపుస్తకం, పెన్ను ఇస్తే గౌరవంగా ఉంటుంది. పారపట్టిన చేతికి పెన్ను అలవాటయ్యేదాకా గీత లోతుగా దిగి కింది నాలుగు కాగితాల మీద అచ్చు పడుతుంది, ఒక్కోసారి కాగితమే చిరుగుతుంది. ముగ్గులేసే ఆడవాళ్లకు ఈ దశ త్వరగా గడుస్తుంది. చుక్క చుట్టూ మెలిక తిప్పడం చేతికి వచ్చే ఉంటుంది. తెలుగు అక్షరాల్లో సగం మెలికలే.

పెద్దల వాచకాలు అ ఆ ఇ ఈ లతో కాక మాటతో మొదలవుతాయి. పని అన్న మాట తీసుకుందాం. ఉపాధి హామీ పని, పొలం పని, ఇంటి పని, కూలి రేటు, మేస్త్రీ, మస్టరు అంటూ పదిహేను నిమిషాలు మాటలు సాగుతాయి. తర్వాత ఆ మాట రాసి, ప, ని అని విడదీసి చూపిస్తారు. మన అన్న మాటతో మ చేరుతుంది. ఇక తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము నేర్పితే చాలు. మూడే మూడు హల్లులతో పని, మన, మామ, పాప, పాము, మాను, మునుపు, మినుము వచ్చేస్తాయి. మినుము తను చదవగలిగిన రోజు రైతుకూలీ ముఖంలో వచ్చే మార్పు చూడదగ్గది. అది ఆమె ఏరిన పంట, ఇంతకాలం దాని పేరు కాగితం మీద ఎలా ఉంటుందో తెలియదు.

అయితే ప, మ లను ముందే పెట్టడంలో ఒక ప్రమాదం ఉంది. ఆ వెంటనే వ వస్తే మూడూ కలగాపులగం అవుతాయి. ప తలకట్టు విడిగా ఉంటుంది, వ లో కలిసి ఉంటుంది, మ కు పక్కన కొమ్ములాంటిది ఉంటుంది. చదువుకున్నవాడి కంటికి ఈ తేడాలు కొట్టొచ్చినట్టు కనబడతాయి, కొత్త కంటికి మూడూ ఒకే తల్లి పిల్లలు. ఒకటి స్థిరపడ్డాక వారం ఆగి ఇంకొకటి తేవడమే ఉపాయం. ద, ధ, థ లతోనూ అంతే. ఆ మాటకొస్తే థ ను మొదటి రెండు నెలలు ఎవరూ తలవకపోయినా కొంప మునగదు.

ఒత్తుల వరస కూడా బడి వరస కాదు. ఎల్లమ్మ, పోచమ్మ, సత్తెమ్మ, నాగమ్మ... చాపకు పదిమంది ఉంటే ఎనిమిది మంది పేర్ల చివర మ్మ ఉంటుంది. మగవాళ్లయితే రాజయ్య, ఎల్లయ్య అంటూ య్య. కాబట్టి మ ఒత్తు, య ఒత్తు మొదటి వారంలోనే, అక్షరంగా కాక పేరులో భాగంగా, బొమ్మలాగా నేర్పేస్తారు తెలివైన పంతుళ్లు. అది ఎందుకలా ఉందో తర్వాత ఎప్పుడో తెలుస్తుంది. లక్ష్మమ్మ మటుకు కాస్త ఎక్కువ కష్టపడాలి, తప్పదు.

యాస దగ్గర ఇంకో తిరకాసు. పుస్తకంలో సొరకాయ బొమ్మ వేసి కింద సొ అని ఉంటుంది. శ్రీకాకుళం వైపు ఆ బొమ్మ చూసిన అవ్వ ఆనపకాయ అంటుంది. ఆమె తప్పు లేదు, బొమ్మ కింద అక్షరమే మారాలి. విత్తనం అని అచ్చులో ఉన్నదాన్ని ఇత్తనం అని చదివితే సరిచేయబోవడం కొత్త వాలంటీర్లు తరచూ చేసే పని. ఆమె ఆ మాటను గుర్తుపట్టింది, అర్థం చేసుకుంది, అంటే చదివినట్టే. ఏజెన్సీ ఊళ్లలో ఈ చిక్కు రెట్టింపు. కోయ, గోండి, సవర, కువి, లంబాడీ మాట్లాడేవాళ్లకు తెలుగు అక్షరం నేర్పడమంటే తెలుగు భాష కూడా నేర్పడమే. ఆ భాష రాని వాలంటీరు ఊళ్లోనే చదువుకున్న ఒక పిల్లను పక్కన కూర్చోబెట్టుకోకపోతే పాఠం నడవదు.

లెక్కల దగ్గర పాత్రలు తారుమారవుతాయి. కూరగాయలమ్మే మనిషి పావు కిలో, ముప్పావు కిలో, పాతిక రూపాయలు, చిల్లర అన్నీ నోటితో క్షణంలో తేల్చేస్తుంది. డిగ్రీ చదివిన వాలంటీరు ఫోనులో క్యాలిక్యులేటరు తెరిచేలోపు ఆమె చెప్పేస్తుంది. ఆమెకు రానిది లెక్క కాదు, అంకె రాయడం. పైన ఒకటి, కింద ఒకటి పెట్టి గీత గీసి కుడి నుంచి కూడడం ఆమెకు వింతగా తోస్తుంది. తను పెద్దవాటి నుంచి మొదలుపెట్టి కూడుతుంది కాబట్టి. ముందు ఆమె పద్ధతిలో చెప్పించుకుని, దాన్నే అంకెల్లో రాసి చూపే ఓపిక వాలంటీరుకు ఉంటే నెలలో పాస్‌బుక్ చదవడం వస్తుంది.

వానలు, కోతలు, పరీక్ష

వయోజన విద్యకు పెద్ద శత్రువు మతిమరుపు అనుకుంటారు. దానికన్నా పెద్దది నాట్లు. జులై, ఆగస్టు నెలల్లో పొద్దున్నే పొలానికి వెళ్లి నడుం వంచి నాటు వేసి వచ్చిన మనిషిని రాత్రి ఏడింటికి చాప మీద కూర్చోమంటే కూర్చున్నచోటే కునుకు పడుతుంది. తర్వాత కలుపు, ఆపై కోతలు. పాలమూరు వంటి జిల్లాల్లో సగం మంది వలస పోతారు. పంట లేని రోజుల్లో ఎక్కువ గంటలు, ఒత్తిడి రోజుల్లో వారానికి రెండు పూటలు, అదీ ఎవరో ఒకరి ఇంటి అరుగు మీద, అన్నట్టు సర్దుకున్న కేంద్రాలే బతికాయి. టీవీ సీరియల్ వేళలు కూడా పంచాంగంలాగే చూసుకోవాలి. సీరియల్‌తో పోటీపడి గెలిచిన వాచకం ఇంకా అచ్చవలేదు.

మానేసిన మనిషి కోసం ఇంటికి వెళ్లాలా అన్న ప్రశ్న ప్రతి వాలంటీరుకూ వస్తుంది. వెళ్లాలి. అయితే ఎందుకు రాలేదు అని అడగడానికి కాదు. ఆ ప్రశ్నలో బడి పంతులి గొంతు వినబడుతుంది, పెద్దవాళ్లకు అది మింగుడుపడదు. ఊరికే కూర్చుని మంచినీళ్లు తాగి, అక్కా, నీ నోటుపుస్తకం నా దగ్గర ఉండిపోయింది అని ఇచ్చి వచ్చేవాళ్ల దగ్గరికి జనం తిరిగి వస్తారు.

ఎంత వస్తే అక్షరాస్యులు? తొంభైల ప్రమాణం చాలా కచ్చితంగా ఉండేది. నిమిషానికి 30 మాటలు పైకి చదవాలి, 35 మాటలు మనసులో చదవాలి, 7 మాటలు చూసి రాయాలి, 5 మాటలు విని రాయాలి, వంద దాకా అంకెలు రావాలి. ఉల్లాస్‌లో పరీక్ష 150 మార్కులకు. చదవడం, రాయడం, లెక్కలు ఒక్కోటి 50. పాసైనవాళ్లకు సర్టిఫికెట్ వస్తుంది. ఒక రాష్ట్రంలోనో కేంద్రపాలిత ప్రాంతంలోనో 95 శాతం మంది అక్షరాస్యులైతే సంపూర్ణ అక్షరాస్యత సాధించినట్టే లెక్క. 2024 జూన్‌లో లద్దాఖ్, 2025లో మిజోరం, గోవా, త్రిపుర, హిమాచల్ ప్రదేశ్ ఆ ప్రకటన చేసుకున్నాయి. కేరళలో 2018లో 96 ఏళ్ల కార్త్యాయనీ అమ్మ ఇలాంటి పరీక్ష రాసి నూటికి 98 తెచ్చుకుంది. మన సంగతికొస్తే, 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 67.02 శాతం దగ్గర ఉంది, ఆడవాళ్లు 59.15 శాతం దగ్గర.

ఫోను వచ్చాక ఈ పని రూపు మారింది. కొడుకు దుబాయ్ నుంచి ఉత్తరం రాసే రోజుల్లో ఆ ఉత్తరం చదువుకోవడానికి రాత్రి బడికి వచ్చేవాళ్లు. ఇప్పుడు కొడుకు వాట్సాప్‌లో మాట పంపుతాడు, వినడానికి అక్షరాలు అక్కర్లేదు. కానీ అదే ఫోనుకు ఓటీపీ వస్తుంది, ఎవడో అది చదివి చెప్పమంటాడు. పేరు రాసుకోవడానికి వచ్చేవాళ్ల పక్కనే మెసేజీ చదువుకోవడానికి వచ్చేవాళ్లు కూర్చుంటున్నారు. ఆ మెసేజీ తరచూ ఇంగ్లీషులో ఉంటుంది. అందుకే చాలా కేంద్రాల్లో తెలుగు సగంలో ఉండగానే ఎ, బి, సి, డిలు కూడా నేర్పమని అడుగుతున్నారు. వాచకం రాసినవాళ్లు ఊహించని కోరిక ఇది.

పరీక్ష అయ్యాక వాలంటీరుకు సర్టిఫికెట్ వస్తుంది, కేంద్రం మూతపడుతుంది. నేర్చుకున్నవాళ్లకు చదవడానికి ఏముంది? పెద్ద అక్షరాల పుస్తకాలు ఊళ్లకు చేరేది అరుదు. పేపరు అక్షరాలు చిన్నవి, వార్తల భాష కొరుకుడు పడదు. ఓపిక ఉన్న వాలంటీర్లు దొరికినవన్నీ పాఠాలు చేసుకుంటారు. బస్సు బోర్డు, ఎరువు బస్తా, పొదుపు సంఘం తీర్మానాల పుస్తకం, మందుల షాపు కాగితం, గోడ మీద సినిమా పోస్టరు. వీటన్నిట్లో బాగా పనికొచ్చేది శుభలేఖ. అక్షరాలు పెద్దవి, పేర్లు ముందే తెలిసినవి, తేదీ, ముహూర్తం, ఊరు అన్నీ ఉంటాయి, ఆ పెళ్లికి వెళ్లాల్సింది కూడా ఆమే. వేలు పెట్టి వధువు పేరు, వరుడు పేరు, అటు తాత, ఇటు నాయనమ్మ అని కూడబలుక్కుంటూ కిందికి దిగుతుంది. ఆహ్వానించువారు అన్న మాట పెద్దది, దాన్ని దాటేస్తుంది. ఆ కింద బంధువుల పేర్ల దగ్గర ఆగి, రెండుసార్లు చూసి, ఇదిగో మేడం, నా పేరులో ఒత్తు ఎగిరిపోయింది అని అచ్చాఫీసువాడిని తిట్టడం మొదలుపెడుతుంది.